పాఠకుల ప్రశ్నలు, జవాబులు: రద్దయిన చట్టాలు, మిగిలిన అనుమతులు

కాలం చెల్లిన చట్టాల రద్దు గురించీ, ప్రభుత్వ నియంత్రణలను తగ్గించాలన్న వాదన గురించీ పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలను కుదించాం. రాసినవారి పేర్లు ఇవ్వకుండా ఊరు, వృత్తి మాత్రమే పేర్కొన్నాం.

ప్రశ్న: 2014 నుంచి పదిహేను వందలకు పైగా పాత చట్టాలను రద్దు చేశామని కేంద్ర ప్రభుత్వం చెబుతోంది. అది అంకెల ప్రదర్శనేనని ప్రతిపక్షాలు అంటున్నాయి. పిల్లలకు పౌరశాస్త్రం బోధించిన నాకు కూడా ఇందులో ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. వివరించగలరా?
*విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం*

జవాబు: మాస్టారూ, అంకె అబద్ధం కాదు. కానీ ఆ అంకెలో ఏమేమి కలిశాయో చెప్పకుండా అంకెను మాత్రమే చెప్పడం సరైన పద్ధతి కాదు.

రాజ్యాంగంలోని 372వ అధికరణం, అంతకుముందు నుంచి అమలులో ఉన్న చట్టాలన్నింటినీ చట్టసభలు మార్చేవరకో రద్దు చేసేవరకో కొనసాగనిచ్చింది. కొత్తగా ఏర్పడిన గణతంత్రం ఒక్క రోజులో అన్ని చట్టాలనూ తిరిగి రాసుకోలేదు కాబట్టి 1950లో అది తప్పనిసరి. అయితే మార్చేవరకు అన్న మాటలోని బాధ్యతను తర్వాతి ప్రభుత్వాలు చాలా కాలం పట్టించుకోలేదు. 1998లో పి.సి. జైన్ నాయకత్వంలోని కమిషన్ 1,300కు పైగా చట్టాలను తొలగించవచ్చని సూచించింది. 2001లో ఒక విడత పెద్దఎత్తున రద్దు జరిగింది. ఆ తర్వాత 2014 దాకా ఆ పని దాదాపు ఆగిపోయింది. 2014లో ఏర్పాటైన రామానుజం కమిటీ, అప్పటికి ఉన్న 2,781 కేంద్ర చట్టాలలో 1,741 రద్దుకు తగినవని తేల్చింది. జస్టిస్ ఎ.పి. షా అధ్యక్షతన లా కమిషన్ కూడా అదే ఏడాది తన 248వ నివేదికతో మొదలుపెట్టి ఈ విషయంపై వరుసగా నివేదికలు ఇచ్చింది. వాటి ఆధారంగానే 2015 నుంచి రద్దు బిల్లులు వరుసగా వచ్చాయి.

ఇప్పుడు ఆ పదిహేను వందలలో ఏమున్నాయో చూద్దాం. 2016లో ఒకే చట్టంతో రద్దయిన 750కి పైగా శాసనాలు ద్రవ్య వినిమయ చట్టాలు. అంటే ఆయా సంవత్సరాల్లో ఖజానా నుంచి డబ్బు తీసుకోవడానికి చేసినవి. ఆ ఏడాది గడిచిపోయాక వాటితో ఎవరికీ పని లేదు, వాటివల్ల ఎవరికీ ఇబ్బంది కూడా లేదు. మిగిలినవాటిలో చాలా భాగం సవరణ చట్టాలు. ఒక సవరణ మూల చట్టంలో కలిసిపోయిన తర్వాత ఆ సవరణ చట్టాన్ని రద్దు చేసినా మూల చట్టంలో అక్షరం మారదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఆ విషయాన్ని స్పష్టంగా చెబుతోంది. వీటన్నింటినీ తీసివేశాక, నిజంగా మనుషుల మీద అధికారం చలాయించగల పాత చట్టాలు కొన్నే మిగులుతాయి. ప్రభుత్వానికి నచ్చని నాటకాలను నిషేధించడానికి 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టం, అద్దె గుర్రబ్బండ్ల కోసం 1879లో చేసిన చట్టం, 1911 నాటి రాజద్రోహ సభల నిరోధక చట్టం అలాంటివి. వాటి రద్దు మంచి పని, అందుకు ప్రభుత్వాన్ని అభినందించాలి. చట్టాల పుస్తకం శుభ్రంగా ఉంటే ఏ చట్టం బతికి ఉందో, ఏది లేదో న్యాయవాదికీ న్యాయమూర్తికీ సామాన్యుడికీ తేలికగా తెలుస్తుంది. అంతమాత్రాన పదిహేను వందల సంకెళ్లు తెగాయని చెప్పడం సరికాదు, సంఖ్యను చూపి అంతా బూటకమని కొట్టిపారేయడమూ సరికాదు.

ప్రశ్న: ఎవరూ వాడని చట్టం పుస్తకంలో పడి ఉంటే ఎవరికి నష్టం? దానిపై చర్చించే సమయాన్ని పార్లమెంటు వేరే పనులకు వినియోగించవచ్చు కదా?
*న్యాయశాస్త్ర విద్యార్థిని, హైదరాబాద్*

జవాబు: మీరు చదువుతున్న నగరంలోనే దీనికి సమాధానం ఉంది. 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాదు సంస్థానం హిజ్రాలపై ఒక చట్టం చేసింది. పిల్లలను ఎత్తుకుపోతారన్న అనుమానం ఉంటే చాలు, వారి పేర్లూ ఇళ్లూ రిజిస్టరులోకి ఎక్కించవచ్చు. అలా నమోదైన వ్యక్తి ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, పదిమందిలో ఆడినా పాడినా, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ల వరకు జైలు. నేరం చేసినందుకు విధించిన శిక్ష కాదిది, ఫలానా మనిషిగా ఉన్నందుకు విధించిన శిక్ష.

సంస్థానం పోయింది, రాజ్యాంగం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 2014లో తెలంగాణ ఏర్పడింది. ప్రతి మలుపులోనూ పాత చట్టాలు యథాతథంగా కొనసాగుతాయన్న ఒక సాధారణ నిబంధన ఈ చట్టాన్ని కూడా తనతో పాటు ముందుకు మోసుకొచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత అది పేరు మార్చుకుని తెలంగాణ చట్టమైంది. ఏ శాసనసభ్యుడూ దాన్ని కోరుకుని ఉండడు, దాన్ని తొలగించాలని పట్టుబట్టినవారూ సభలో లేకపోయారు. చివరికి ట్రాన్స్‌జెండర్ హక్కుల కోసం పనిచేసేవారు వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై, 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం ఆ చట్టం సమానత్వానికీ జీవించే హక్కుకూ హామీ ఇచ్చే రాజ్యాంగ 14, 21 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేసింది. ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకు కూడా వర్తింపజేయాలని అదే తీర్పులో ఆదేశించింది. నూరేళ్లు దాటిన ఒక అన్యాయాన్ని బాధితులే కోర్టు మెట్లెక్కి తొలగించుకోవలసి వచ్చిందంటే, ఆ పని చేయవలసిన శాసనసభ చేయలేదనే అర్థం. దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

వాడని చట్టం అన్న మాటను కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. పోలీసుస్టేషనులో ఉన్న పాత పుస్తకం ఎప్పుడు ఎవరి మీద తెరుచుకుంటుందో ముందుగా తెలియదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపితే జైలుశిక్ష విధించే, సమాచార సాంకేతికత చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అయినా ఆ సెక్షన్ కింద దేశంలో ఇంకా కేసులు నమోదవుతున్నాయని 2021లో కోర్టు దృష్టికి వచ్చినప్పుడు న్యాయమూర్తులు దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు. కొట్టివేసిన చట్టమే ఇలా వాడకంలో ఉంటే, ఎవరూ కొట్టివేయని పాత చట్టం సంగతి చెప్పనక్కరలేదు. చాలాకాలం వాడకపోతే, దానికి విరుద్ధమైన ఆచారం స్థిరపడితే, చట్టం చచ్చిపోయినట్లు భావించవచ్చని 1995లో పుణె నగరపాలక సంస్థ, భారత్ ఫోర్జ్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించిన మాట నిజమే. కానీ అది కోర్టులో నిరూపించుకోవలసిన విషయం. రాత్రి అరెస్టయిన మనిషికి ఆ సూత్రం మర్నాటి ఉదయం దాకా ఏ సాయమూ చేయదు.

రద్దు చేస్తే మాత్రం పని పూర్తయిందా అన్నది దీని తర్వాత అడగవలసిన ప్రశ్న. స్టువర్టుపురం కథ తెలుగువారందరికీ తెలుసు. కొన్ని కులాలనూ తెగలనూ పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన నేరస్థ తెగల చట్టం కింద, ఇప్పటి బాపట్ల దగ్గర ఆ సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశవ్యాప్తంగా 1952లో రద్దయింది. ఆ తర్వాత అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలాంటిదే చేశారు. చట్టం పేరు మారింది, ఆ ఊరివాళ్లను చూసే చూపు మారడానికి మాత్రం తరాలు పట్టింది. అందువల్ల రద్దు బిల్లు వచ్చినప్పుడల్లా, దాని స్థానంలోకి ఏది వస్తోందో కూడా చూడమని న్యాయశాస్త్రం చదువుతున్న మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

ప్రశ్న: నేను పూతరేకులు తయారు చేసి అమ్ముతాను, నాతో మరో నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్, పంచాయతీ లైసెన్సు, కాటాకు సీలు, డబ్బా మీద బరువు, ధర, తేదీ, చిరునామా, అన్నీ ఉండాలి. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు, ఒక్కో చోట ఒక్కో మనిషిని కలవాలి. వేల చట్టాలు రద్దయ్యాయంటున్నారు. నాకు ఒక్క కాగితమూ తగ్గలేదేమిటి?
*చిరు వ్యాపారి, ఆత్రేయపురం*

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో ఉన్నంత స్పష్టత ఈ విషయంపై జరిగే చాలా టీవీ చర్చల్లో ఉండదు. మీ మీద భారం మోపుతున్నవి ఏవీ కాలం చెల్లిన చట్టాలు కావు. ఆహార భద్రత చట్టం 2006 నాటిది, తూనికలు కొలతల చట్టం 2009 నాటిది. అసలు భారం ఆ చట్టాల్లో కంటే వాటి కింద శాఖలు రాసుకునే నియమాల్లో, జీవోల్లో, ఫారాల్లో, తనిఖీ పద్ధతుల్లో ఉంటుంది. చట్టం చేయాలంటే శాసనసభలో బిల్లు పెట్టాలి, ఓటు జరగాలి. నియమం మార్చడానికి ఒక నోటిఫికేషన్ చాలు. సభ ముందు ఉంచిన నియమాలను పరిశీలించడానికి కమిటీలు ఉన్నా, వాటిని వరుసపెట్టి చదివి ప్రశ్నించే సభ్యులు తక్కువ. చట్టాల రద్దుపై ఎంత హడావుడి జరిగినా మీ గడప దాకా ఏదీ రాకపోవడానికి కారణం ఇదే.

మన తెలుగువాడే ప్రధానిగా ఉన్నప్పుడు జరిగిన పెద్ద మార్పు నుంచి కూడా ఇదే పాఠం నేర్చుకోవచ్చు. 1991 జులై 24న పార్లమెంటు ముందుకు వచ్చిన పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగిలినవాటన్నింటికీ కేంద్రం ఇచ్చే పారిశ్రామిక లైసెన్సును తీసేసింది. పరిశ్రమల శాఖను అప్పట్లో పి.వి. నరసింహారావు తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ నిర్ణయం దేశ ఆర్థిక గమనాన్నే మార్చింది. కానీ అది తొలగించినది ఢిల్లీలో ఇచ్చే అనుమతిని. మునిసిపాలిటీ, పంచాయతీ, కార్మిక శాఖ, తూనికల శాఖ స్థాయిలో ఉన్న అనుమతులు దాని పరిధిలోకే రాలేదు. ఆ తర్వాత రాష్ట్రాలు తెచ్చిన సింగిల్ విండో పథకాలు కూడా ఎక్కువగా పెద్ద పెట్టుబడుల కోసమే. తెలంగాణ 2014లో చేసిన టీఎస్ ఐపాస్ చట్టం భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, ఇతర ప్రాజెక్టులకు 30 రోజులు గడువు పెట్టింది, ఆలస్యం చేసిన అధికారికి జరిమానా విధించే ఏర్పాటు చేసింది. అది మంచి పద్ధతి. కోట్ల రూపాయల కర్మాగారానికి ఇచ్చిన ఆ గడువు, నలుగురికి పని ఇచ్చే మీలాంటి వారికి ఎందుకు లేదన్నది నా ప్రశ్న. మీకు ఒకే దరఖాస్తు, ఒకే రుసుము, నిర్ణీత గడువు, గడువు దాటితే అనుమతి ఇచ్చినట్లే అన్న నిబంధన ఉంటే, ప్రతి ఆఫీసులోనూ ఒక మనిషిని కలవవలసిన అవసరం ఉండదు. ఆ కలవడంలోనే మామూళ్లు పుడతాయని మీరు రాయలేదు, రాయనక్కరలేకుండానే తెలుసు.

అయితే ఈ కాగితాలన్నీ వ్యర్థమని నేను చెప్పను. డబ్బా మీద బరువూ తేదీ లేకపోతే కొన్నవారికి మోసమో కాదో తెలియదు. రైతులు తరచుగా విసుక్కునే వాల్టా చట్టం సంగతీ అంతే. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో చేసిన ఆ చట్టం తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయడాన్ని నియంత్రించింది. బోరు వేసుకునే రైతుకు అది అడ్డంకి, ఆ బావి మీదే ఆధారపడిన వాడకు అది రక్షణ. నియమాన్ని ఉంచి, దాని చుట్టూ ఉన్న తిరుగుడును తగ్గించడం సాధ్యమే. తిరుగుడు తగ్గిస్తామని చెప్పి నియమాన్నే తీసేయడం వేరే పని, ఆ రెండింటినీ ఒకటే అన్నట్లు చూపేవారితో జాగ్రత్తగా ఉండాలి.

ప్రశ్న: జన్ విశ్వాస్ చట్టం వల్ల నాసిరకం మందులు తయారుచేసేవారికి జైలు శిక్ష లేకుండా పోయిందని విన్నాను. నిజమేనా?
*గృహిణి, గుంటూరు*

జవాబు: పూర్తిగా నిజం కాదు, అయితే మీ ఆందోళనకు ఆధారం లేకపోలేదు. 2023లో వచ్చిన జన్ విశ్వాస్ చట్టం 42 కేంద్ర చట్టాలలోని 183 నిబంధనలను ఒకేసారి సవరించింది. చిన్న పొరపాట్లకు జైలు శిక్షలు తీసివేసి జరిమానాలు పెట్టడం దాని ఉద్దేశం. బిల్లును సంయుక్త పార్లమెంటరీ కమిటీ పరిశీలించిన తర్వాతే సభలు ఆమోదించాయి.

మందుల చట్టంలో కల్తీ మందులకూ, నకిలీ మందులకూ ఉన్న కఠిన శిక్షలు అలాగే ఉన్నాయి. మారింది 27వ సెక్షన్‌లోని డి భాగం. ఇతర ఉల్లంఘనలకు ఒకటి నుంచి రెండేళ్ల జైలు, కనీసం 20,000 రూపాయల జరిమానా అక్కడ ఉంది. ఇప్పుడు ఆ నేరాన్ని డబ్బు చెల్లించి కోర్టు బయట ముగించుకోవడానికి, అంటే కాంపౌండింగ్‌కు, వీలు కల్పించారు. లేబుల్‌లో పొరపాటు లాంటి చిన్న లోపాలకే ఇది ఉపయోగపడుతుందని ప్రభుత్వం చెప్పింది. నిర్దేశిత ప్రమాణం లేని మందులు కూడా ఈ భాగం కిందికే వస్తాయని ప్రజారోగ్య కార్యకర్తలు అభ్యంతరం చెప్పారు. వారి అభ్యంతరం సరైనదేనని నా అభిప్రాయం. ఉండవలసినంత మందు లేని మాత్ర వేసుకున్న రోగికీ, లేబుల్ మీద అక్షరం తప్పిన డబ్బా కొన్న రోగికీ కలిగే నష్టం ఒకటి కాదు. రెండింటినీ ఒకే భాగంలో ఉంచి ఒకే వెసులుబాటు ఇవ్వకుండా, ముందు వాటిని విడదీయవలసింది.

పర్యావరణ పరిరక్షణ చట్టంలోనూ అదే జరిగింది. అక్కడ జైలు శిక్ష స్థానంలో 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు, దాన్ని విధించే అధికారం ప్రభుత్వం నియమించే అధికారికి ఇచ్చారు. కోర్టులు ఏళ్లకేళ్లు సాగదీస్తాయి, అధికారి త్వరగా తేలుస్తాడన్న వాదనలో నిజం ఉంది. కానీ పెద్ద కంపెనీకి 15 లక్షలు ఖర్చుల్లో ఒక పద్దు మాత్రమే. చిన్న వ్యాపారికి జైలు భయం తీసివేయడానికి తెచ్చిన మార్పు పెద్ద కాలుష్యకారుడికి కూడా అంతే వెసులుబాటు ఇచ్చిందంటే, మార్పును రాయడంలో శ్రద్ధ తగ్గిందనే చెప్పాలి. 2025 ఆగస్టులో ఇలాంటి రెండో బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టి సెలెక్ట్ కమిటీకి పంపారు. మీలాంటి వారి ప్రశ్న అలాంటి కమిటీల దాకా చేరడం అవసరం.

ప్రశ్న: నేను రసాయన కర్మాగారంలో పనిచేస్తాను. నియంత్రణలు తగ్గిస్తే ఉద్యోగాలు పెరుగుతాయని నాయకులు అంటున్నారు. రోజుకు పది గంటల పని, తక్కువ తనిఖీలు, ఇదేనా నియంత్రణ తగ్గించడం అంటే?
*కార్మికుడు, పటాన్‌చెరు*

జవాబు: మీరు పనిచేసే ప్రాంతంలోనే, 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల కర్మాగారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. అది జరిగిన వారం లోపే, జులై 5న, వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల వరకు పనికి అనుమతిస్తూ తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది కర్మాగారాల్లో రోజు పనిగంటల గరిష్ఠ పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచింది, మూడు నెలల్లో అనుమతించే ఓవర్‌టైమును 75 గంటల నుంచి 144 గంటలకు పెంచింది. వారానికి 48 గంటల పరిమితి మారలేదని ప్రభుత్వాలు చెప్పినది వాస్తవం. పెంపును కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. రసాయనాల మధ్య పనిచేసే మనిషి పదో గంటలో మొదటి గంటలో ఉన్నంత అప్రమత్తంగా ఉండలేడు. ఈ మాట చెప్పడానికి సిద్ధాంతాలు అక్కరలేదు, షిఫ్టు చేసిన వారెవరైనా చెబుతారు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు 29 చట్టాల స్థానంలోకి వచ్చాయి. అన్ని చట్టాలలో ఒక్కో రకంగా ఉన్న నిర్వచనాలను ఏకం చేయడం, ఒకే రిజిస్ట్రేషన్, నియామక పత్రం తప్పనిసరి చేయడం నేను సమర్థించే మార్పులు. అదే కోడ్‌లు విద్యుత్తు వాడే కర్మాగారమన్న నిర్వచనాన్ని 10 మంది కార్మికుల నుంచి 20 మందికి పెంచాయి, ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికులను తొలగించగల సంస్థల పరిమితిని 100 మంది నుంచి 300 మందికి పెంచాయి. తనిఖీ అధికారికి ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అని పేరు. సలహా ఇవ్వడం మంచిదే. కానీ పదిహేను మంది పనిచేసే చిన్న రసాయన యూనిట్‌లో ప్రమాదం తక్కువని చెప్పలేం కదా.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో నిలిచిన ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగింది, దాన్ని అదుపులో ఉంచే ఏర్పాట్లు పనిచేయలేదు, ఊరిని లేపవలసిన సైరన్ మోగలేదు. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ సంస్థే 2019లో ప్రభుత్వానికి ఇచ్చిన అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ఈ చివరి విషయాన్ని నియంత్రణపై వాదించే రెండు వర్గాలూ ఆలోచించాలి. నియమం పుస్తకంలో ఉంది, కాగితం కూడా నింపారు, అయినా ఎవరూ ఆపలేదు. నియమాలు ఎక్కువైనందువల్ల పరిశ్రమలు నలిగిపోతున్నాయనే మాట ఇక్కడ నిలబడదు, నియమాలు ఉంటే చాలు రక్షణ దొరుకుతుందనే మాటా నిలబడదు. రిజిస్టర్లు, రిటర్నులు, నకళ్లు ఎన్నయినా తగ్గించండి, ఆ తగ్గించిన సమయాన్నీ సిబ్బందినీ ట్యాంకు దగ్గరికి పంపండి. తనిఖీకి వచ్చే అధికారికి రసాయన శాస్త్రం తెలిసి ఉండాలి, ఏ కర్మాగారానికి వెళ్లాలో కంప్యూటరు నిర్ణయించాలి, తనిఖీ నివేదిక చుట్టుపక్కల ఊళ్లవారు చదవగలిగేలా తెలుగులో బయటపెట్టాలి. నియంత్రణ తగ్గించడమంటే మీ ప్రాణానికి ఉన్న కాపలా తగ్గించడమని ఎవరైనా అంటే, మీ సంఘం దాన్ని అంగీకరించకూడదు.

ప్రశ్న: ఒక చట్టం రద్దయితే దాని కింద నడుస్తున్న కేసు రద్దవుతుందా?
*పాఠకుడు, కర్నూలు*

జవాబు: సాధారణంగా కాదు. రద్దు చట్టంలో వేరే విధంగా రాయకపోతే, అప్పటికే ఏర్పడిన హక్కులు, బాధ్యతలు, మొదలైన కేసులు, పడిన శిక్షలు కొనసాగుతాయని జనరల్ క్లాజెస్ చట్టంలోని 6వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలు ఇప్పటికీ భారత శిక్షాస్మృతి కిందే విచారణకు రావడానికి కారణం అదే. మీ కేసు విషయం మీ న్యాయవాదితో ప్రత్యేకంగా చర్చించండి.

ప్రశ్న: పాత చట్టాలు దశాబ్దాలుగా కదలడం లేదు. కొత్త చట్టాలు మాత్రం రెండేళ్లు కాకముందే రద్దవుతున్నాయి. సాగు చట్టాలూ, మా రాష్ట్రంలో భూ హక్కుల చట్టమూ అలాగే పోయాయి. ఇదంతా రాజకీయమేనా?
*రైతు, అనంతపురం జిల్లా*

జవాబు: రాజకీయం ఉండడం తప్పు కాదు, ఎన్నికల్లో ప్రజలు చెప్పిన మాట విని చట్టం మార్చడం ప్రజాస్వామ్యంలో భాగమే. 2022 నాటి ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం భూమి వివాదాలను సివిల్ కోర్టు నుంచి తప్పించి ఒక అధికారి చేతికి ఇస్తుందన్న భయం గ్రామగ్రామాన వ్యాపించింది. 2024 ఎన్నికల తర్వాత కొత్త ప్రభుత్వం తొలి సంతకాల్లోనే దాని రద్దును చేర్చింది, జులైలో శాసనసభ రద్దు బిల్లును ఆమోదించింది. భూమి రికార్డులకు కచ్చితత్వం కావాలన్న అవసరం ఆ రద్దుతో తీరలేదు. సర్వే లోపాలతో బాధపడుతున్న రైతుకు ఆ సమస్య అలాగే ఉంది.

2020 సాగు చట్టాలు కూడా నియంత్రణల తగ్గింపు పేరుతో వచ్చినవే. మార్కెట్ యార్డుల వెలుపల అమ్మకానికి ఆంక్షలు తీసివేయడం వాటిలో ప్రధానమైనది. రాజ్యసభలో గందరగోళం మధ్య మూజువాణి ఓటుతో అవి గట్టెక్కాయి. ఏడాది పైగా సాగిన ఆందోళన తర్వాత 2021 నవంబరు 29న ఉభయసభలూ వాటి రద్దును చర్చ లేకుండానే ఆమోదించాయి. చట్టం చేసేటప్పుడు తగినంత చర్చ లేదు, తీసేటప్పుడు అసలే లేదు. ఆ చట్టాలను సమర్థించినవారూ వ్యతిరేకించినవారూ సభలో తమ కారణాలు పూర్తిగా వినిపించి ఉంటే, ఏ భాగం పనికొచ్చేది, ఏది కాదు అన్నది దేశానికి తెలిసి ఉండేది. కేంద్రం ప్రతి బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలన్న విధానం 2014 ఫిబ్రవరి నుంచే ఉంది. విధానం ఉంది, చాలాసార్లు పాటింపు లేదు.

మంచి పద్ధతిలో జరిగిన రద్దు ఎలా ఉంటుందో చూడాలంటే ఇద్దరు పిల్లల నిబంధన గుర్తుకొస్తుంది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994లో నిర్ణయించింది. అప్పటి జనాభా పెరుగుదలను చూసినవారికి అందులో కారణం కనిపించింది. జననాల రేటు బాగా పడిపోయాక ఆ కారణం లేకుండా పోయింది, 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. చేసినప్పుడు ఒక ఉద్దేశం చెప్పారు, ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఉద్దేశం నిలబడుతుందా అని చూశారు, నిలబడలేదని తీసేశారు. అన్ని నియంత్రణ చట్టాలకూ ఇలాంటి సమీక్ష పదేళ్లకొకసారి జరగాలనీ, ఆ సమీక్ష నివేదిక సభ ముందుకు రావాలనీ నేను కోరుకుంటాను. గడువు దాటితే చట్టం దానంతట అదే ముగియాలన్న నిబంధన మనకు కొత్తది కాదు. 1987 నాటి టాడాకు గడువు ఉంది, అది పొడిగించకపోవడంతో 1995లో ముగిసింది. ఉగ్రవాద చట్టానికి పెట్టగలిగిన గడువు లైసెన్సు నియమాలకు పెట్టలేమా?

ప్రశ్న: ఫలానా నిబంధన రద్దు చేయాలని సామాన్యుడు ఎవరికి రాయాలి?
*పాఠకుడు, సిద్దిపేట*

జవాబు: ముందు అది చట్టమా, నియమమా, జీవోనా అన్నది తెలుసుకోండి. సమాచార హక్కు చట్టం కింద సంబంధిత శాఖను అడిగితే నకలు ఇస్తారు. జీవో అయితే శాఖ కార్యదర్శికి, నియమం అయితే కార్యదర్శితో పాటు శాసనసభ కార్యదర్శి ద్వారా, నియమాలను పరిశీలించే ఉపశాసనాల కమిటీకి, చట్టమే అయితే మీ శాసనసభ్యుడికీ సభ పిటిషన్ల కమిటీకీ రాయండి. కేంద్ర చట్టమైతే లా కమిషన్‌కు కూడా పంపవచ్చు. ఉత్తరంలో ఆ నిబంధన సంఖ్య, దానివల్ల మీకు పట్టిన రోజులు, అయిన ఖర్చు, అది లేకపోతే ఎవరికి నష్టం కలగవచ్చు అన్నది కూడా రాయండి. చివరి విషయం రాసిన ఉత్తరాన్ని పక్కన పెట్టడం అధికారికి కష్టం.